చేపకు రెండో కన్ను

చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారని నేనెప్పుడూ నమ్మలేదు. ధైర్యం ఎక్కువై కాదు, నమ్మకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పారు కనుక. హౌరా పక్కనే లిలువాలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేది నేనే. పోయినవాళ్ళు నిద్రలో ఉంటారని, కడబూర మోగేదాకా లేవరని వాళ్ళ చేత వల్లె వేయించేది నేనే. ఎవరికైనా పాడుబడిన క్వార్టర్లో తెల్లచీర కనబడిందంటే ఆ మాట అక్కడే ఆపించి, మోకాళ్ళూని ప్రార్థన చేసుకో, నిద్ర పడుతుంది అనేదాన్ని.

ఇక జంతువుల సంగతి అడగనే అక్కర్లేదు. వాటి ప్రాణం నేలలోకి దిగిపోతుంది, అంతటితో సరి. మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఎన్నోసార్లు ఈ విషయం మీద వాక్యం చెప్పారు. నాకు ఏ సందేహమూ ఉండేది కాదు.

ఇప్పటికీ నా విశ్వాసం మారలేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే అదీ అబద్ధమే అవుతుంది.

మావారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మామగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. మా మరిది భార్య సువార్త, అంటే నా తోటికోడలు, పక్క క్వార్టర్లో ఉంటుంది. ఇందులో సగం కథ ఆమెది.

సువార్త అంటే నాకు అసూయ. ఈ మాట దాచిపెట్టి మిగతాది చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఆమె పాడితే మా ప్రార్థన గుడిలో పసిపిల్లలు కూడా ఏడుపు మానేస్తారు. నేను ఇన్నేళ్ళుగా సండే స్కూలు చెబుతున్నాను. తెలుగు చదవడం రాని పిల్లలకు కీర్తనలు బెంగాలీ అక్షరాల్లో రాసిచ్చి మరీ నేర్పుతాను. గంట కొట్టగానే ఆ పిల్లలంతా పరుగెత్తేది ఆమె దగ్గరికే. మా అత్తగారు బతికున్న రోజుల్లో నేను వండిన చేపల కూర తింటూనే అనేది: "పెద్దదాని వంట కడుపు నింపుతాది. సిన్నదాని వంట ఆకలి పుట్టిస్తాది." అందరూ నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వేదాన్ని. ఆ రాత్రి అంట్లు కాస్త గట్టిగా తోమేదాన్ని, అంతే.

దక్షిణ కలకత్తాలో, గరియాహట్ దాటాక ఒక పాత మేడ ఉంది. కింది వాటాలో ఒక బెంగాలీ దంపతులు ఉంటారు. ఆవిడను మేమంతా బౌదీ అంటాం, బెంగాలీలో వదిన అని. పిల్లలు లేరు. దుర్గాపూజ సెలవులొస్తే బెంగాలీవాళ్ళు ఇంట్లో నిలవరు కదా, కొండలకో సముద్రానికో బయల్దేరుతారు. ఇంట్లో కుక్క ఉంటే దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. పూజకి ఎక్కడికీ వెళ్ళని మనిషి, నమ్మకమైన మనిషి. అలా ఎవరో చెబితే సువార్త ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ప్రతి ఏడూ పూజ రోజులన్నీ అక్కడే ఉండి ఇంటినీ, భోలా అనే ఆ ముసలి గోధుమరంగు కుక్కనూ కనిపెట్టుకుని ఉండేది.

ఒకసారి ఆమె సామాను పట్టుకుని తోడు వెళ్ళాను. తలుపు తీయగానే భోలా వచ్చాడు. నేను ముందు నిలబడి ఉన్నాను. నా పాదాల మీద నుంచే దాటుకుంటూ వెళ్ళి ఆమె చీర కుచ్చిళ్ళలో మూతి పెట్టాడు. ఆ మూతి నుంచి కారిన చొంగ నా కాలి వేళ్ళ మీద పడింది. అది తుడుచుకుంటూ, చివరికి కుక్కకు కూడా ఈవిడే కావాలా అనుకోవడం నాకు బాగా గుర్తు.

బౌదీ వాళ్ళ భోజనాల గదిలో గాజు తలుపుల బీరువా ఉంది. అందులో జతగా రెండు పెద్ద పింగాణీ పళ్ళేలు నిలబెట్టి ఉండేవి. ఒక్కో పళ్ళెం మీద నీలం రంగులో ఒక పెద్ద చేప. ఒకటి కుడివైపు చూస్తుంది, ఇంకొకటి ఎడమవైపు. పక్కనే పెడితే రెండూ ముఖాముఖీ మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. బౌదీ పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చినవట.

కొన్నేళ్ళ కిందట ఒక పూజ రోజుల్లో సువార్త చేతిలో ఎడమవైపు చేప పళ్ళెం పగిలింది. బీరువా తుడుస్తుంటే జారిపోయింది.

కుక్కలూ పిల్లులూ ఉన్న ఇంట్లో ఏదైనా పగిలితే చేయవలసిన పని ఒక వరసలో ఉంటుంది. ముందు జంతువును వేరే గదిలో పెట్టి గడియ వెయ్యాలి. చీపురు ముట్టుకోకూడదు, చీపురు పెంకుల్ని మూలమూలకీ తోలేస్తుంది. పెద్ద ముక్కలు చేత్తో ఏరాలి. తర్వాత గోధుమపిండి ముద్ద కలిపి నేలంతా అద్దాలి, కంటికి కనబడని రవ్వలన్నీ దానికి అంటుకుంటాయి. చివరికి పాత పేపరు మీద ముక్కలన్నీ పేర్చి వస్తువును తిరిగి నిలపాలి. ఎక్కడా ఖాళీ లేకపోతే ఏ ముక్కా జంతువు నోట్లోకి పోలేదని అర్థం. అప్పుడు ఇంటివాళ్ళకి ఫోన్ చెయ్యాలి. ఇదంతా సువార్తే కనిపెట్టింది. ఆమె చేసే పనులు చూసి బౌదీ తన స్నేహితులకు కూడా చెప్పేది.

ఆ రోజు కూడా ఆ వరసలోనే చేసింది. పేపరు మీద చేప నిలిచింది. ఒక్క ముక్క తక్కువైంది. చేప కన్ను ఉండవలసిన చోట ఖాళీ.

టార్చిలైటు పట్టుకుని బీరువా కింద, కుర్చీల కింద, వంటింటి తూము దాకా వెతికింది. దొరకలేదు. బౌదీకి అప్పుడే చెప్పేసింది. బౌదీ తిరిగొచ్చి మనుషుల్ని పెట్టి బీరువా జరిపించింది. దొరకలేదు. తర్వాత కొన్ని వారాలకు భోలా తిండి మానేశాడు. కడుపులో ఏదో ఉండి ఉండొచ్చని డాక్టరు అన్నాడట, కానీ ఆ వయసులో మత్తు ఇచ్చి కొయ్యడం కుదరదన్నాడు. భోలా పోయాడు. పెరట్లో పారిజాతం చెట్టు కింద పూడ్చారు.

బౌదీ కేకలు వేయలేదు. "ఆ ముక్క దొరికి ఉంటే బాగుండేది" అని ఒక్క మాట అంది. సువార్తను మళ్ళీ పిలవలేదు.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం, గుడిలో సువార్త నా పక్కనే కూర్చుంది. రొట్టె పళ్ళెం వచ్చింది. ఆమె తీసుకోలేదు, నాకు అందించింది. ద్రాక్షారసం గిన్నెలు వచ్చాయి. అవీ అంతే. మరుసటి నెలా అంతే. మా సంఘంలో అలా చేస్తే అర్థం ఒకటే, మనసులో ఏదో తేలని తప్పు ఉందని. ఒంటరిగా పాడటం కూడా మానేసింది. పాటల గుంపులో వెనక వరసకు వెళ్ళి నిలబడింది.

ఆమె పడ్డందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు, ఎందుకంటే సంఘమంతా ఆమెను ఇంకా మెచ్చుకుంది. మూగజీవి కోసం ఎంత మెత్తని మనస్సాక్షి అన్నారు. స్త్రీల సమాజంలో కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేను ఏ నెలా బల్ల మానకుండా తీసుకుంటున్నాను, నన్ను చూసి ఎవరూ కన్నీళ్ళు పెట్టలేదు.

బౌదీ వాళ్ళు మళ్ళీ కుక్కను తెచ్చుకోలేదు. కొంతకాలానికి ఒక పిల్లి వచ్చి చేరింది. పుటి అని పేరు పెట్టారు, అది ఒక చిన్న చేప పేరు. తర్వాత ఒక పూజ ముందు, ఆ దంపతులకు మళ్ళీ కొండలు చూడాలనిపించింది. బౌదీ సువార్తకే ఫోన్ చేసింది, నీ మీద కోపం లేదు, ఇంకెవరైనా మనిషి ఉంటే చెప్పమని. సువార్త ఆ ఫోన్ పట్టుకుని గోడవతల నుంచి నా దగ్గరికి వచ్చింది.

"ఆ ఇంటికి నువ్వెల్లక్కా. నువ్వయితే అన్నీ సరిగ్గా సూస్తావు. నానింక ఆ గుమ్మం తొక్కలేను."

అలా ఆమె దగ్గరే ఉండిపోయిన ఆ ఇంటి తాళంచెవి నా చేతికి వచ్చింది. ఆమె వద్దన్నది నాకు దక్కింది, ఆమె చేత్తోనే. అయినా నాకు ఆ తాళంచెవి ఎంత ఇష్టమో చెప్పలేను. లిలువా నుంచి రైల్లో హౌరాకు, అక్కడి నుంచి బస్సులో, దాన్ని రవికలో దోపుకుని వెళ్ళాను. ఈ ఒక్క ఇల్లు నాదవ్వాలి, ఈ బౌదీ నోటి వెంట నా పేరు రావాలి. నేను కోరుకున్నది అంతే.

బౌదీ ఇల్లంతా చూపించి వెళుతూ చెప్పింది. అన్నీ వాడుకోండి, ఆ రెండు పళ్ళేలు మాత్రం కదపొద్దు. అవి అప్పటిలాగే బీరువాలో నిలబడి ఉన్నాయి. ఎడమవైపు చేపను బంకతో అతికించారు. కన్ను ఉండవలసిన చోట బొటనవేలంత ఖాళీ. అందులో నుంచి వెనక చెక్క కనబడుతోంది.

మొదటి రోజులు బాగానే గడిచాయి. కానీ ఎటు చూసినా సువార్తే. వంటింటి డబ్బాల మీద ఆమె తెలుగులో రాసిన అక్షరాలు ఇంకా చెరగలేదు, పసుపు, ఆవాలు, పంచదార. పై వాటా ముసలాయన మెట్ల మీద ఎదురుపడి, "ఆ పాడే దీదీ రాలేదా" అని అడిగాడు. పుటి నా మంచం మీదికి రాలేదు. చేప ఉడకబెట్టి పెడితే తిని, నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయేది.

అష్టమి రోజు మధ్యాహ్నం. వీధి చివర పందిట్లో డప్పులు ఎడతెరిపి లేకుండా మోగుతున్నాయి. నాకు వేరే పని లేదు. సువార్త ఉన్నప్పటికంటే ఈ ఇల్లు ఎక్కువ మెరవాలి అనిపించింది. బీరువా గాజులు తుడిచాను. అద్దం తళతళలాడుతుంటే లోపలి పళ్ళేలు మసగ్గా ఉన్నాయి. వద్దన్న మాట గుర్తుంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఏమవుతుంది అనుకున్నాను. కుడివైపు చేప పళ్ళెం బయటికి తీశాను.

పుటి ఎప్పుడూ నా దగ్గరికి రానిది, సరిగ్గా అప్పుడు వచ్చి నా కాళ్ళ మధ్య నుంచి దూరింది. తూలాను. పళ్ళెం ఎర్ర గచ్చు నేల మీద పడింది.

సువార్త వరసనే పాటించాను. వేరే దారి నాకు తెలియదు, అది కూడా మంటగానే ఉంది. పుటిని పడకగదిలో పెట్టి బయటి నుంచి గడియ వేశాను. ముక్కలు ఏరాను. పిండి కలిపి నేలంతా అద్దాను, బీరువా కింద నుంచి వంటింటి గుమ్మం దాకా, గుమ్మం మీద కూడా. ముద్ద మూడుసార్లు మార్చాను. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి పేర్చడం మొదలుపెట్టాను.

పెద్ద ముక్కలు కావడం వల్ల త్వరగానే కుదిరింది. అంచు పూర్తయింది. తోక, రెక్కలు, పొట్ట. తల ముక్క ఒకటే, అందులో కన్ను. ఎక్కడా ఖాళీ లేదు. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. సువార్తకు రాని అదృష్టం నాకు వచ్చింది అని కూడా అనుకున్నాను.

చేతులకు అంటిన పిండి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. కొళాయి తిప్పాను. నీళ్ళ చప్పుడు వెనకాల టిక్ టిక్ మని ఒక చప్పుడు వినబడింది, గచ్చు మీద గోళ్ళు తగిలినట్టు. పుటి తిరుగుతోంది అనుకున్నాను. పుటి గదిలో ఉందనీ, పిల్లి నడిస్తే అసలు చప్పుడే రాదనీ నాకు తట్టింది తర్వాతెప్పుడో.

చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాను. వంటింటి గుమ్మం మీద, నేను పిండితో అద్దిన చోటే, ఒక పింగాణీ ముక్క ఉంది.

బొటనవేలంత ముక్క. నీలం గీత, మధ్యలో ఒక గుండ్రని కన్ను. పైకి చూస్తోంది.

దాని చుట్టూ తడి. నీళ్ళ తడి కాదు. ముక్క పైకి తీస్తే దానితో పాటు ఒక తీగ సాగింది. రైల్వే క్వార్టర్లలో కుక్కల మధ్య పెరిగినదాన్ని, చొంగ ఏమిటో, ఆ నోటి వాసన ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ముక్క వెచ్చగా ఉంది. అప్పుడే ఒక నోట్లో నుంచి వదిలినంత వెచ్చగా.

భయం వెంటనే రాలేదు. పేర్చడంలో పొరపాటు చేశానని ముందు బల్ల దగ్గరికి వెళ్ళి చూశాను. పక్కకు తిరిగిన చేపకు ఒక కన్నే ఉంటుంది. పేపరు మీది చేపకు దాని కన్ను దానికి ఉంది. నా అరచేతిలో రెండో కన్ను ఉంది.

అప్పుడు బీరువా దగ్గరికి వెళ్ళాను. అతికించిన ఎడమవైపు చేప ముందు నిలబడి ఆ ముక్కను ఖాళీలో పెట్టాను. నొక్కనక్కర లేకుండా కూర్చుంది.

వీధి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. వరండాకు ఇనుప గ్రిల్లు. పడకగది గడియ నేను వేసింది వేసినట్టే ఉంది, లోపల పుటి అరుస్తోంది. వెళ్ళి గడియ తీశాను. పుటి పరుగున వచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. తడి ఉన్న చోట వాసన చూసింది. వీపు మీద బొచ్చు లేచి, తోక ఇంత లావు అయింది. ఆ చోటును వదిలి, గోడ వారగా పెద్ద చుట్టు తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆ గుమ్మం తొక్కలేదు.

ఇక అప్పుడు భయం వచ్చింది. కూర్చుండిపోయాను.

మొదటి భయం తగ్గాక నా మనసు ఏ వైపు వెళ్ళిందో చెప్పడం అవసరం. ఈ ముక్క భోలా కడుపులోకి పోలేదు. పోయి ఉంటే పారిజాతం చెట్టు కింద అతనితో పాటే ఉండాలి. సువార్త తప్పు ఏమీ లేదు. ఈ మాట బౌదీకి తెలిస్తే మరుక్షణం సువార్తకు ఫోన్ చేస్తుంది. మళ్ళీ పూజకి ఈ తాళంచెవి ఆమెది. పైగా ఈసారి కన్నీళ్ళతో కూడా కలిపి ఇస్తుంది.

పందిటి వెనకాల చెత్త కుప్ప ఉంది. కొబ్బరి పెంకులు, మట్టి ప్రమిదలు, పువ్వులు. ఆ ముక్కను అక్కడ వేస్తే ప్రపంచంలో ఎవరికీ తెలియదు. బైబిల్లో అన్నదమ్ముల మొదటి కథే అసూయ కథ, అన్న తమ్ముణ్ణి చంపిన కథ అని నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. అది ఒకడికి పొలంలో జరిగింది. నాకు వేరేవాళ్ళ భోజనాల గదిలో జరుగుతోంది. మోకాళ్ళూనాను. ఎప్పుడూ లేనిది, ప్రార్థనకు మొదటి మాట రాలేదు.

ముక్కను కడిగి, కొంగుతో తుడిచి, నా చేతిరుమాల్లో మూట కట్టి బల్ల మీద పెట్టాను. నా పళ్ళెం సంగతి ఎలాగూ చెప్పాలి. పేపరు మీది చేపను ఫోటో తీసి బౌదీకి పంపాను. కాసేపటికి ఆవిడే ఫోన్ చేసింది. నేను చెప్పేది వినకముందే అడిగింది.

"పుటి బాగుందా? ముక్కలన్నీ దొరికాయా?"

అన్నీ దొరికాయన్నాను. పళ్ళేలు కదపొద్దన్నా కదిపాను, క్షమించండి అన్నాను.

"పళ్ళెందేముంది దీదీ. రెండో చేప ఒంటరిగా ఎన్నాళ్ళుంటుంది, అదీ పోయింది" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "మీ చెయ్యి వేరు. సువార్త మంచి మనిషే, కానీ అజాగ్రత్త. మీరు వచ్చాక నాకు నిశ్చింతగా ఉంది."

ఎన్నేళ్ళుగానో నేను వినాలనుకున్న మాట అది. ఒక మనిషి నోటి నుంచి, ఆమె కంటే నేను నయమని. విన్నాను. వింటూ ఎందుకో చెయ్యి చాపి ఆ మూటను పట్టుకున్నాను. రుమాలు తడిసి ఉంది.

ఫోన్ పెట్టేశాక విప్పి చూశాను. కడిగి తుడిచి పెట్టిన ముక్క చొంగతో జిగటగా ఉంది. మళ్ళీ సబ్బుతో కడిగాను. పొడిగుడ్డలో చుట్టాను. ఇంకో గుడ్డ. మూడో గుడ్డ కూడా తడిసింది. ఆశ్వయుజంలో కలకత్తా గాలికి దేనికైనా తేమ పడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. గాలి తేమకు కుక్క నోటి వాసన రాదు.

పందిట్లో సాయంత్రం హారతి డప్పులు మొదలయ్యాయి. మళ్ళీ ఫోన్ చేశాను. బౌదీ ఏమైంది అని గాభరాపడింది.

"బౌదీ, సువార్త పగలగొట్టిన పళ్ళెం ముక్క దొరికింది. కన్ను ముక్క. ఇంట్లోనే ఉంది. పళ్ళెంలో పెట్టి చూశాను, కూర్చుంది. కుక్క దాన్ని మింగలేదు. సువార్త అజాగ్రత్త మనిషి కాదు. నాకంటే జాగ్రత్త గల మనిషి."

చివరి మాట చెప్పడానికే కష్టమైంది. అవతల బౌదీ ఏడవడం వినబడింది. ఎక్కడ దొరికిందని అడిగితే వంటింటి గుమ్మం మీద అన్నాను. తడి సంగతి చెప్పలేదు.

ముక్క ఆ తర్వాత తడవలేదు. నాలుగో గుడ్డ పొడిగానే ఉంది.

బౌదీ వాళ్ళు ఊరి నుంచి వచ్చీ రాగానే సువార్త కోసం లిలువా వచ్చారు. సన్నటి మా క్వార్టర్ల సందులో ఆవిడ సువార్త రెండు చేతులూ పట్టుకుని నిలబడటం మా వీధి అంతా చూసింది. ఆ నెల బల్ల ఆదివారం రొట్టె పళ్ళెం నా దగ్గరికి వచ్చేసరికి అందులో ఆమె తీసుకున్న ముక్క మేర ఖాళీ ఉంది. తర్వాత అయ్యగారు ఆమెను పాడమన్నారు. పాడింది. అందరూ ఏడ్చారు. ఆ రోజు కూడా నాకు మంటగానే అనిపించింది, కాస్త తక్కువ.

ఈ సంగతి పూర్తిగా ముగ్గురికి చెప్పాను. మావారు తీసిపారేశారు.

"బీరువా కింద ఉండిపోయినాది. పిల్లి లాగి గుమ్మం మీద పడేసినాది. దానికింత కథేటి?"

"పిల్లి గదిలో ఉందండీ. గడియ నేనే వేశాను."

"అయితే నువ్వే కాలితో తన్నుకొచ్చుంటావు."

"బీరువాను వాళ్ళు జరిపించి వెతికారు. నేను అద్దిన చోటే ఉంది. మరి ఆ చొంగ ఎవరిది?"

"నీదే అయ్యుంటాది, నోరెళ్ళబెట్టి సూసుంటావు" అని నవ్వి, వర్క్‌షాపు సైకిలెక్కి వెళ్ళిపోయారు.

అయ్యగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, దేవుడు ఎడారిలో ప్రవక్తకు కాకుల చేత తిండి పంపాడు, గాడిద చేత మాట్లాడించాడు, మనం హద్దులు గీయకూడదు అన్నారు. నాకు కాస్త ఊరట కలిగింది. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ అన్నారు. "కానీ అమ్మా, దీన్ని సంఘం ముందు సాక్ష్యాల వేళ చెప్పకండి. ప్రార్థనలో ఉంచుకోండి." కాకులూ గాడిదా బతికున్న జంతువులు. ఆ మాట నేను ఆయనకు గుర్తు చేయలేదు, ఆయనకూ తెలుసు.

మూడో మనిషి సువార్త. తడి సంగతి, గోళ్ళ చప్పుడు, వెచ్చదనం, అన్నీ చెప్పాను.

మరుసటి పూజకి బౌదీ సువార్తనే పిలిచింది. నేను అనుకున్నట్టే జరిగింది. తాళంచెవి ఆమె చేతిలో నేనే పెట్టాను. ఆ పూజ రోజులన్నీ ఇంట్లో కూర్చుని, ఈపాటికి పుటి ఆమె ఒళ్ళో పడుకుని ఉంటుంది, పై వాటా ముసలాయన పాట వింటూ ఉంటాడు అనుకుంటూ గడిపాను.

ఆమె తిరిగొచ్చిన రోజు సామాను ఇంట్లో కూడా పెట్టకుండా మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ముఖం వాడిపోయి ఉంది. ఏదైనా మళ్ళీ పగిలిందేమో అనుకున్నాను.

"ఏటయింది సువార్తా?"

"ఏటీ అవలేదక్కా. అదే." కాసేపు నేలకేసి చూసింది. "తలుపులన్నీ తీసుంచినాను. పారిజాతం సెట్టు కింద కూకున్నాను. పేరెట్టి పిలిసినాను. కొళాయి తిప్పి వొదిలేసి, గోళ్ళ సప్పుడవుద్దేమోనని ఇన్నాను. రానేదు."

నేను ఆమె చేతిలోని సంచీ అందుకుని పక్కన పెట్టాను.

"అన్నం నా సేత్తో తినిపించినాను గదా వాడికి. జొరమొస్తే రాత్రంతా ఒళ్ళో ఎట్టుకున్నాను. నువ్వు వాణ్ణి ఒక్కసారయినా ముట్టుకోనేదు." తలెత్తి నా ముఖంలోకి చూసింది. "నీకెందుకొచ్చినాడక్కా? నాకెందుకు రానేదు?"

ఆమె కళ్ళలో ఉన్నది ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఇన్నేళ్ళూ నా ముఖం మీద నేను దాచుకుంటూ తిరిగింది అదే. సువార్త ముఖం మీద దాన్ని చూడటం అదే మొదటిసారి. ఒకప్పుడైతే దాని కోసం ఏమైనా ఇచ్చేదాన్ని. ఆ రోజు చూడలేక లేచి వెళ్ళి టీ పెట్టాను.

జరిగింది ఆమె కోసమని నాకు తెలుసు. ఆమె మీద పడ్డ మచ్చ పోవడానికే ఆ ముక్క వచ్చింది. అయితే ఆమె చేతికే రావచ్చు కదా. ఆమె మంచి జరగడం ఇష్టం లేని చేతికి, చెత్త కుప్ప వైపు చూస్తున్న చేతికి ఎందుకు వచ్చింది? వాక్యంలో వెతికాను, ప్రార్థనలో అడిగాను. నాకు అర్థం కాలేదు.

సువార్త ఇప్పటికీ అప్పుడప్పుడూ పని మధ్యలో వచ్చి అడుగుతుంది, ఆ ముక్క ఎంత వెచ్చగా ఉందక్కా అని. నేను ఆమె చెయ్యి తీసుకుని నా అరచేతిలో పెట్టుకుంటాను. ఇంత, అంటాను. ఆమె కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉంచుతుంది.